చలికాలం గరాజ్‌లో దాచిన టైర్లలో గాలి తగ్గింది: మూడింట్లో ఒకలా, నాలుగోదాంట్లో ఇంకోలా

విన్నిపెగ్_వాసి

మాది కెనడాలో విన్నిపెగ్. అక్టోబరు మధ్యలో వేసవి టైర్లు అల్లాయ్ రిమ్ములతో సహా విప్పించి, చలికాలం టైర్లు వేయించాం. విప్పిన నాలుగు చక్రాలూ గరాజ్‌లో ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి ఉన్నాయి. గరాజ్‌కి హీటర్ లేదు. సైజు 205/55 ఆర్16. దాచిన రోజు గరాజ్‌లో 15 డిగ్రీలు, నాలుగింట్లోనూ ఒత్తిడి 35 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు).

ఇప్పుడు ఫిబ్రవరి మధ్య. గరాజ్‌లో మైనస్ 18. అదే గేజ్‌తో కొలిస్తే 27, 27.5, 27, 19.

కదలకుండా పడున్న టైర్లలోంచి గాలి ఎలా పోయింది? నాలుగోది పంక్చరైందా? ఇప్పుడే గాలి కొట్టాలా, ఏప్రిల్‌లో బిగించేటప్పుడు చూసుకోవచ్చా? ఇంట్లో సిగరెట్ సాకెట్‌కి తగిలించే చిన్న పంపు ఉంది. రిమ్ములకు ప్రెషర్ సెన్సర్లు ఉన్నాయి. నైట్రోజన్ నింపిస్తే ఈ బాధే ఉండదని ఒకరు చెప్పారు. అదీ తేల్చండి.

లెక్కలపంతులు

ముందు ఆ మూడు చక్రాల సంగతి చూద్దాం. వాటిలో గాలి పెద్దగా పోలేదండీ, చలికి ఒత్తిడి పడిపోయింది, అంతే.

గేజ్ చూపించేది లోపలి ఒత్తిడికీ బయటి వాతావరణపు ఒత్తిడికీ ఉన్న తేడా మాత్రమే. లెక్క వేసేటప్పుడు బయటి ఒత్తిడిని కూడా కలుపుకోవాలి. సముద్రమట్టం దగ్గర అది 14.7 పీఎస్ఐ. విన్నిపెగ్ దాదాపు 240 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి 14.3 అనుకుందాం. ఇక ఉష్ణోగ్రతకు 273 కలిపి కెల్విన్‌లోకి మార్చాలి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు.

అక్టోబరు: 35 + 14.3 = 49.3. ఉష్ణోగ్రత 288.
ఫిబ్రవరి: ఉష్ణోగ్రత 255.
49.3 × 255 ÷ 288 = 43.65. అందులోంచి 14.3 తీసేస్తే 29.35.

అంటే చుక్క గాలి బయటికి పోకపోయినా మీ గేజ్ 29 చిల్లరే చూపించాలి. మీకు 27 వచ్చింది. నాలుగు నెలల్లో నిజంగా పోయింది రెండు, రెండున్నర పీఎస్ఐ. మంచి టైరు, మంచి రిమ్ము ఉన్న చక్రం కూడా అంతమాత్రం వదులుతుంది. ఆ మూడింటి గురించి నిద్ర పాడుచేసుకోకండి.

నాలుగోది వేరు. 29.35 ఉండాల్సిన చోట 19 ఉంది. మిగతా మూడింటిలాగే పోయిన రెండున్నర తీసేసినా ఇంకో ఎనిమిది పీఎస్ఐకి లెక్క దొరకదు. అది లీకే.

నోటిలెక్క కావాలంటే: కారు టైర్లకు ప్రతి అయిదున్నర డిగ్రీల చలికి ఒక పీఎస్ఐ తగ్గుతుందని వేసుకోండి. ఇది 30–35 పీఎస్ఐ ఉండే టైర్ల మాట. డిక్కీలో ఉండే సన్న స్టెప్నీలో 60 ఉంటుంది కదా, 20 డిగ్రీల్లో 60 కొట్టినది మైనస్ 20కి వచ్చేసరికి 50 దగ్గరికి పడిపోతుంది. స్టెప్నీని ఎవరూ చూడరు, అవసరం పడిన రోజున అది మెత్తగా ఉంటుంది.

ఇంకోటి. ఒకే గేజ్ వాడారు కాబట్టి మీ అంకెల్ని పోల్చుకోవచ్చు. రెండు వేరు గేజ్‌ల మధ్య రెండు పీఎస్ఐ తేడా మామూలే. అప్పుడు ఈ లెక్కంతా బూడిదలో పోసిన పన్నీరే.

రోడ్డుమీదరాజా

ఇంత లెక్కెందుకు బ్రో. నాలుగింట్లోనూ ఇప్పుడే 45 కొట్టేసి వదిలెయ్. ఏప్రిల్‌కి అదే 35కి వస్తుంది.

అక్రన్_రబ్బరు

రాజా గారూ, మైనస్ 18లో 45 కొడితే ఏప్రిల్‌లో 15 డిగ్రీలకు అది తగ్గదు, పెరుగుతుంది. పైవారి సూత్రంలోనే వేసి చూడండి, 52 దాటుతుంది. చాలా కారు టైర్ల పక్కగోడ మీద గరిష్ఠం 44 అనో 51 అనో రాసి ఉంటుంది. పైగా కారు కింద లేని చక్రం మీద బరువే లేదు. దానికి 27 చాలు. బీడ్, అంటే రిమ్ముకు అంటుకునే టైరు అంచు, వదులు కాకుండా పట్టి ఉంచేంత ఒత్తిడి ఉంటే సరి. దాచిన చక్రం 10 కంటే కిందికి దిగితే మాత్రం ఊరుకోవద్దు, ఏదైనా తగిలితే బీడ్ రిమ్ము నుంచి ఊడొచ్చు.

గాలి ఎటు పోయిందన్నారు కదా, మూడు దారులు: రబ్బరులోంచి, వాల్వులోంచి, బీడ్ దగ్గర్నుంచి. మొదటిదాని గురించి నేను చెప్తాను, మిగతా రెండూ చేత్తో పనిచేసేవాళ్ళు చెప్తేనే బాగుంటుంది.

ట్యూబ్‌లెస్ టైరు లోపల ట్యూబుకు బదులు ఒక పలచని పొర ఉంటుంది, మందం ఇంచుమించు ఒక మిల్లీమీటరు. బ్రోమిన్ గానీ క్లోరిన్ గానీ కలిపిన బ్యూటైల్ రబ్బరుతో చేస్తారు. మామూలు రబ్బరుతో పోలిస్తే గాలిని ఎన్నో రెట్లు తక్కువగా పోనిస్తుంది, కానీ పూర్తిగా ఆపదు. గాలి అణువులు రబ్బరులో కరిగి, మెల్లగా అవతలికి జారుకుంటాయి. కుండకు చెమ్మ పట్టినట్టు. కుండకు చిల్లు ఉండదు, నీళ్ళు మాత్రం తగ్గుతూ ఉంటాయి.

చాలామందికి తెలియనిది ఇక్కడుంది: చలిలో ఈ జారుడు తగ్గుతుంది. వేడిలో పెరుగుతుంది. నడిచే కారులో నెలకు ఒక పీఎస్ఐ అటూఇటూ తగ్గడం మామూలు. మీ మూడు చక్రాలు నాలుగు నెలలకు రెండున్నరే వదిలాయంటే చలి కాపాడినట్టే. అదే టైరు హైదరాబాద్‌లో మే నెల ఎండలో నాలుగు నెలలు నిలబడి ఉంటే రబ్బరులోంచి ఇంతకన్నా ఎక్కువే పోతుంది, కానీ ఎండకు ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి గేజ్ ఆ నష్టాన్ని దాచేస్తుంది. చలి దేశంలోనేమో, లేని నష్టాన్ని కూడా గేజ్ చూపిస్తుంది.

నైట్రోజన్: రబ్బరులోంచి ఆక్సిజన్ నైట్రోజన్ కంటే మూడు నాలుగు రెట్లు వేగంగా పోతుంది, నిజమే. కానీ మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 31 రకాల టైర్లను 30 పీఎస్ఐతో ఏడాదిపాటు ఆరుబయట ఉంచి చూసింది. గాలి నింపినవి సగటున 3.5, నైట్రోజన్ నింపినవి 2.2 పీఎస్ఐ కోల్పోయాయి. ఏడాదికి ఒకటింబావు తేడా. చలికి ఒత్తిడి తగ్గడంలో రెండింటికీ తేడా లేదు, ఆ సూత్రానికి ఏ వాయువైనా ఒకటే. వాల్వు లీకునూ బీడ్ లీకునూ నైట్రోజన్ ఆపదు. ఉచితంగా నింపితే కాదనకండి, డబ్బులు పెట్టి మాత్రం వద్దు.

చివరగా ఒక హెచ్చరిక. మీవి నిఖార్సైన వేసవి టైర్లయితే, అంటే ఆల్ సీజన్ కాకపోతే, మైనస్ 7 కంటే చలిలో వాటి ట్రెడ్ (నేలకు ఆనే భాగం) రబ్బరు గాజులా పెళుసెక్కుతుంది. ఆ స్థితిలో కింద పడేయడం, గాలి తక్కువగా ఉండగా బరువు మోపడం, దొర్లించడం చేస్తే ట్రెడ్ గాడుల అడుగున పగుళ్ళు వస్తాయి. ఎత్తి తీసుకెళ్ళండి. కనీసం 5 డిగ్రీలు దాటిన చోట 24 గంటలు ఉంచాకే ఏ పనైనా.

పానా_పట్టినోడు

అన్నా, నాలుగోదాని ముచ్చట నేను జెప్త. గాలి కొట్టుడు పక్కకు పెట్టుర్రి. ఇప్పుడు కొడితే యాడికెళ్ళి పోతున్నదో తెల్వకుండనే ఏప్రిల్ వస్తది, మల్ల 19 దగ్గరికే వచ్చి కూసుంటది.

ముందుగాల దాన్ని ఇంట్లకు తెచ్చి ఒక రోజు వెచ్చగ ఉండనియ్యుర్రి. బేస్‌మెంట్ అయినా సరే. తర్వాత పక్కగోడ మీద రాసున్న గరిష్ఠం చూస్కొని 40 దాకా కొట్టుర్రి, అంతకు మించద్దు. లోపల ఒత్తిడి ఎక్కువుంటే లీకు జల్ది బయటపడ్తది.

గిన్నెలు తోమే లిక్విడ్ ఒక పాలు, నీళ్ళు పది పాళ్ళు. స్ప్రే సీసాల పోసుకోర్రి. ఊపద్దు, ఊపితే నురగ ముందే తయారైతది, ఏది లీకు ఏది నురగనో సమజ్ కాదు. చక్రాన్ని పడుకోబెట్టి ఈ వరుసల చూడుర్రి:

ముందు వాల్వు నోరు. మూత తీసి నోట్ల సబ్బునీళ్ళు నింపుర్రి. మన దగ్గర పంక్చర్ షాపోళ్ళు వేలికి ఉమ్మి తడిజేసి వాల్వు మీద పెట్టి సూస్తరు గదా, గదే పని. బుడగ లేస్తే లోపలి వాల్వు పిన్ను వదులైంది లేకుంటే దాని రబ్బరు పాడైంది. చీలిక ఉన్న చిన్న వాల్వు కీ దొరుకుతది, రెండు వేళ్ళతోని బిగిస్తే చాలు. దానికి కావల్సిన బిగువు అర న్యూటన్ మీటరు కన్నా తక్కువ. బలం జూపెడితే లోపలి సీలు కోసుకపోతది.

మీకు సెన్సర్లున్నయన్నరు. వాల్వు కాడ, అంటే దాని గొట్టం, అల్యూమినియందైతే అందుల ఇత్తడి పిన్ను పెట్టద్దు. రోడ్డు మీద చల్లే ఉప్పు తగిలిందంటే రెండు లోహాలు కొట్లాడుకొని పిన్ను కాడల పట్టుకపోతది, తీద్దామంటే కాడనే ఇరుగుతది. నికెల్ పూత పిన్నే పెట్టాలె. మూత గూడ ప్లాస్టిక్‌ది, లోపల రబ్బరు రింగు ఉన్నది. సోకుకు పెట్టే ఇనుప, ఇత్తడి మూతలు వద్దు.

రెండోది వాల్వు మొదలు, రిమ్ములకెళ్ళి బయటికి వచ్చే చోటు. రబ్బరు కాడైతే వంచి జూడుర్రి, పగుళ్ళుంటే కనవడ్తయి. సెన్సర్ కాడకు బయట నట్టు, లోపల రబ్బరు వాషర్ ఉంటయి. టైరు విప్పినప్పుడల్లా ఆ వాషర్, నట్టు, పిన్ను, మూత కొత్తయి వెయ్యాలె, చిన్న కిట్టుగ వస్తయి. కొన్ని షాపులల్ల అది ఎయ్యకుండనే పంపిస్తరు. అడుగుర్రి.

మూడోది ట్రెడ్. సన్న స్క్రూ తల గాడిల దాసుకుంటది. కనవడితే గుంజద్దు, చుట్టూ సుద్దతోని గీత గీసి షాపుకు తీస్కపోర్రి. 6 మిల్లీమీటర్ల లోపు చిల్లు, అది ట్రెడ్ నడుమనుంటే లోపల్నించి ప్లగ్గు, ప్యాచీ కలిపి ఏస్తరు. పక్కగోడల చిల్లుంటే టైరు మార్చుడే. సీసాల దొరికే జిగురు పోయద్దు, సెన్సర్ రంధ్రం మూసుకపోతది.

ఆఖరుది బీడ్. రెండు దిక్కులా, రిమ్మూ టైరూ కలిసే గీత చుట్టూ. నా పందెం గిక్కడనే. చలి దేశాలల్ల అల్లాయ్ రిమ్ములకు ఇదే రోగం ఎక్కువ.

లెక్కలపంతులు

పానా అన్న చెప్పినదానికి ఒక్క ముక్క కలుపుతాను, ఓపిక కోసం. ఈ సైజు చక్రం లోపల సుమారు 30 లీటర్ల చోటు ఉంటుంది. లెక్క దొరకని ఎనిమిది పీఎస్ఐ అంటే మామూలు ఒత్తిడి దగ్గర 16 లీటర్ల గాలి. అది 120 రోజుల్లో పోయింది. రోజుకు 130 మిల్లీలీటర్లు, గంటకు అయిదారు. అంటే ఒక మిల్లీలీటరు బుడగ కట్టడానికి పది నిమిషాలు పడుతుంది. స్ప్రే కొట్టి అర నిమిషం చూసి ‘లీకు లేదు’ అనేస్తే దొరకదు. ఒక్కో చోట కొట్టి 15 నిమిషాలు ఆగి చూడండి. పెద్ద బుడగలు రావు, ఆవగింజంత తెల్ల నురగ పోగవుతుంది.

పానా_పట్టినోడు

సారు జెప్పింది కరెక్టు. స్ప్రేతోని దొరకకుంటే పెద్ద టబ్బుల ముంచుర్రి. ఇంకో సంగతి, కొన్ని బీడ్ లీకులు వెచ్చగుంటే మూసుకుంటయి. చలికి రబ్బరు బిర్రుగ అయితది, రిమ్ము మీది ఎత్తుపల్లాలల్లకు ఒదగదు, అప్పుడే గాలి ఎల్తది. ఇంట్ల ఏం దొరకకుంటే చల్లట్లనే చూడాలె. సబ్బునీళ్ళు మైనస్ 18ల గడ్డకడ్తయి కాబట్టి గ్యాస్ పైపులు చెక్ చేసేటోళ్ళు వాడే, గడ్డకట్టని లీక్ లిక్విడ్ తెచ్చుకోర్రి.

షికాగో_సుబ్బు

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. సంక్రాంతికి ఇండియా వెళ్ళి మార్చిలో తిరిగొచ్చేవాళ్ళ సంగతేంటి? కారు అపార్ట్‌మెంట్ ఆరుబయట నిలిపి ఉంటుంది. కారు కంపెనీ చెప్పిన ఒత్తిడి, డోరు స్టిక్కర్ మీద 33 అని ఉంది. ఇంకా పదకొండు నెలలుందిలెండి, కానీ తెలుసుకుని పెట్టుకుంటాను.

అక్రన్_రబ్బరు

సుబ్బు గారూ, మీ చక్రాల మీద కారు బరువుంది కాబట్టి లెక్క మారుతుంది. ఇక్కడ ఎక్కువ గాలి పనికొస్తుంది. నేలకు ఆనిన చోట టైరు చదునుగా నలిగి, లోపలి నైలాన్ దారాలు చలికి ఆ ఆకారంలోనే బిగుసుకుంటాయి. గాలి తక్కువున్న కొద్దీ నలుగుడు ఎక్కువ. బయలుదేరే ముందు 40 దాకా కొట్టించండి, పక్కగోడ మీది గరిష్ఠం దాటకుండా. స్టీరింగ్ మీద ‘టైర్లలో 40’ అని చీటీ అంటించండి, వచ్చిన రోజు మర్చిపోతారు. మొదట 33కి దించాకే నడపండి. దించడం టైర్లు చల్లగా ఉన్నప్పుడే.

మార్చిలో మొదటి కొన్ని కిలోమీటర్లు దడదడమంటే కంగారు పడకండి, టైర్లు వేడెక్కితే సర్దుకుంటాయి. పూర్తిగా గాలి దిగిన టైరు మీద నెలల తరబడి నిలబడితే మాత్రం ఆ చదును పోకపోవచ్చు. స్నేహితులెవరైనా నెలకోసారి కారును పది అడుగులు జరిపితే ఇంకా మంచిది. మూడు నెలలకు జాకీ స్టాండ్ల మీద ఎత్తనక్కర్లేదు. గేరు పార్క్‌లో పెట్టండి, నేల చదునుగా ఉంటే హ్యాండ్ బ్రేక్ వెయ్యకండి, తడి తగిలి గడ్డకట్టి పట్టేస్తుంది.

టైర్లలో గాలి తగ్గితే వెలిగే డ్యాష్‌బోర్డు దీపాన్ని నమ్ముకోవద్దు. అమెరికా నిబంధన ప్రకారం స్టిక్కర్ అంకెకు 25 శాతం తగ్గితే అది వెలగాలి. 33కి 24.75 దాకా వెలగకపోయినా తప్పు లేదు. కారు నిలిచి ఉన్నప్పుడు సెన్సర్లు చాలావరకు నిద్రలో ఉంటాయి. విన్నిపెగ్ వారి చక్రాలు అసలు కారుకే లేవు, అవి ఎవరికీ ఏమీ చెప్పవు.

విన్నిపెగ్_వాసి

అందరికీ ధన్యవాదాలు. నాలుగు చక్రాలనూ బేస్‌మెంట్‌లో ఒక రోజంతా 20 డిగ్రీల్లో ఉంచి కొలిచాను: 33, 33.5, 33, 24. పంతులు గారి సూత్రానికి సరిగ్గా సరిపోయాయి. నాలుగోదాన్ని 40 చేసి సబ్బునీళ్ళు కొట్టాను. వాల్వు దగ్గర ఏమీ లేదు. చక్రం లోపలి వైపు, కారుకు తగిలించినప్పుడు మనకు కనిపించని వైపు, బీడ్ గీత మీద అయిదు సెంటీమీటర్ల మేర సన్న నురగ వచ్చింది, పన్నెండు నిమిషాలకు. అక్కడే రిమ్ము అంచుకు, చక్రం బ్యాలెన్సింగ్ కోసం పెట్టే క్లిప్ బరువు తగిలించి ఉంది. దాని పక్క వార్నిష్ లేచి తెల్ల పొడి కనిపిస్తోంది. షాపులో ఏమని చెప్పాలి?

పానా_పట్టినోడు

పందెం గెలిచిన. క్లిప్ గీరిన కాడ పూత పోయింది, ఉప్పు నీళ్ళు చొచ్చుకున్నయి, అల్యూమినియం తెల్లగ పూసింది. ఆ పొడి టైరు అంచు కిందికి పాకితే గాలి సందు చేస్కుంటది.

షాపుల ‘గాలి కొట్టి చూడుర్రి’ అనకుర్రి. ఇట్ల జెప్పుర్రి: లోపలి దిక్కు బీడ్ లీకు, టైరు విప్పి రిమ్ము బీడ్ సీటు (బీడ్ ఆనే చోటు) శుభ్రం చెయ్యాలె, రెండు దిక్కులా. నురగ వచ్చిన చోటును టైరు మీద, రిమ్ము మీద సుద్దతోని గుర్తు పెట్టి తీస్కపోర్రి. గరుకు నార ప్యాడ్‌తోని తెల్ల పొడి మొత్తం పోయి మెరిసేదాక రుద్దాలె. గ్రైండర్ పెడితే గుంటలు పడ్తయి, వద్దనుర్రి. టైరు బీడ్‌కు అంటుకున్న పొడి గూడ తుడవాలె, ఇది మస్తు మంది మరుస్తరు. ఆ పైన నల్ల బీడ్ సీలర్ పలచగ ఒక్క పూత, అది ఆరినంక టైరు ఎక్కించాలె. మందంగ పూస్తే ఒకచోట గడ్డలెక్క పోగైతది, మళ్ల విప్పేటప్పుడు బీడ్ చినుగుతది. బీడ్ కూసునేటందుకు 40 పీఎస్ఐ దాటనియ్యద్దు, కూసోకుంటే గాలి తీసి సబ్బు పూసి మళ్ల మొదటికెళ్ళి. టైరు ఎట్లాగూ విప్పిర్రు గనక సెన్సర్ కిట్టు మార్పించుర్రి. బ్యాలెన్సింగ్ మళ్ల చెయ్యాలె, ఈసారి క్లిప్ బరువులు గాకుండ లోపల అంటించేటివి అడుగుర్రి.

రిమ్ముల గోరు దిగేటంత గుంటలుంటే సీలర్ ఆగదు, రిమ్ముకు పూత ఏపియ్యాలె లేకుంటే మార్చాలె. ఇంటికి తెచ్చినంక 35 కొట్టి, పక్కన మంచి చక్రం ఒకటి పెట్టి, గది వేడి రాసుకోర్రి. వారం తర్వాత అదే వేడిల రెండూ కొలువుర్రి. ఇంతకుముందు వారానికి అర పీఎస్ఐ పోతుండె, ఒక్క వారంల అంత సన్న తేడా గేజ్ పట్టకపోవచ్చు. మూడు వారాలు చూసి రెండూ సమానంగుంటేనే షాపోనికి దండం పెట్టుర్రి.